ఆదర్శ గుప్పెడు

కొమ్మరేవు సంఘ కాపరి నెహెమ్యా అయ్యగారికి రెండంటే భయం. ఒకటి దేవుడు, రెండోది సంఘాలన్నిటి మీదా పెత్తనం చేసే సినడు ఆఫీసు. దేవుడి సంగతి కాస్త నయం. ఆయన క్షమిస్తాడని అయ్యగారు ప్రతి ఆదివారం తానే స్వయంగా చెబుతుంటారు. సినడు ఆఫీసు గురించి అలాంటి మాట ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

అందుకని సినడు నుంచి సర్క్యులర్ వస్తే అయ్యగారు లేచి నిలబడి చదువుతారు. కూర్చుని చదివితే వాళ్ళకి ఎలాగో తెలిసిపోతుందని ఆయన అనుమానం. ఆయన భార్య సలోమి అమ్మగారికి అంత భక్తి లేదు. చదవడం అయిపోయిన సర్క్యులర్లు వంటింటి అరల్లో పరిచి, వాటి మీద ఆవకాయ జాడీలు పెడతారు.

ఆ ఊళ్ళో, ఆ మాటకొస్తే ఆ గోదావరి లంకల్లో చాలా సంఘాల్లో, గుప్పెడు బియ్యం అని ఒక అలవాటుంది. ఇంటి ఆడమనిషి ఎసరు పెట్టి, పూటకి సరిపడా బియ్యం తీసుకున్నాక, అందులోంచి ఒక గుప్పెడు పక్కన డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం గుడ్డసంచిలో పోసుకుని గుడికి తెచ్చి, బల్ల ముందున్న గంపలో కుమ్మరిస్తుంది. అది దేవుడి బియ్యం. దేవుడు అన్నం తినడు కాబట్టి అయ్యగారు తింటారు. అయ్యగారింట్లో మిగిలింది ఊళ్ళో పొయ్యి వెలగని ఇళ్ళకి వెళుతుంది.

గంపలో సన్నబియ్యం, లావుబియ్యం, కోటా బియ్యం, నూకలు అన్నీ కలిసిపోతాయి. వండితే కొన్ని గంజయిపోతాయి, కొన్ని పలుకులుగానే ఉండిపోతాయి. "మన కుండలో సంఘమంతా ఉందండీ. ఒకళ్ళతో ఒకళ్ళకి పొత్తు కుదిరి చావదు," అంటారు సలోమి అమ్మగారు. అన్నారే గానీ ఆ అన్నం తింటూనే ఇద్దరూ పిల్లల్ని పెంచారు, పెళ్ళిళ్ళు చేశారు, కాస్త ఒళ్ళు కూడా చేశారు.

తాతల నాటినుంచీ నడుస్తున్న ఈ వ్యవహారంలో గుప్పెడంటే ఎంత అని ఎవరూ అడగలేదు. అడగాలన్న ఆలోచన సినడు ప్రమాణాల విభాగం డైరెక్టరు ఎర్నెస్ట్ కృపాకర్ గారికి వచ్చింది. ఆయన ఆ వేసవిలో ఏదో చల్లటి ఊరికి యాజమాన్య శిక్షణకి వెళ్ళారు. కొలవలేనిది అసలు లేనట్టేనని అక్కడ ఎవరో చెప్పారట. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. తిరిగొచ్చేసరికి జేబులో టేపు ఉంది.

కాపరుల మహాసభలో ఆయన లేచి, "సహోదరులారా, మన సినడులో గుప్పెడు అంటే ఎంత?" అని అడిగారు. సభలో ఉన్న కాపరులంతా తమ తమ చేతులకేసి చూసుకున్నారు. ఏ రెండు చేతులూ ఒకేలా లేవు. ఇన్నాళ్ళూ ఇంత అరాచకంలో ఎలా బతికామా అని కొందరికి ఒళ్ళు జలదరించింది.

వెనక వరసలోంచి ఓ ముసలి పాస్టరుగారు లేచి, "మరి బైబిల్లో, కానుకపెట్టెలో తనకున్న రెండు కాసులూ వేసిన ఆ విధవరాలి సంగతేమిటండీ? ఆవిణ్ణి ఎవరూ కొలవలేదు కదా?" అన్నారు.

"అది ప్రమాణీకరణకు పూర్వపు సంగతి," అన్నారు కృపాకర్ గారు.

సభ చప్పట్లు కొట్టింది. గుప్పెడు నిర్ధారణ సంఘం ఏర్పడింది. గుప్పిట బిగించి పట్టాలా, సడలించి పట్టాలా అన్న దాని మీద సంఘం రెండుగా చీలి, ప్రార్థన చేసుకుని, భోజనాల వేళకి మళ్ళీ కలిసింది. ఎవరి చేతిని ఆదర్శంగా తీసుకోవాలన్నప్పుడు మాత్రం చర్చే జరగలేదు. సినడు అధ్యక్షులు జోసెఫ్ విద్యానందం గారు అక్కడే కూర్చుని ఉన్నారు. ఆయన వద్దు వద్దంటూనే కుడిచెయ్యి బల్ల మీద పెట్టారు.

సర్క్యులర్ కొమ్మరేవు చేరినప్పుడు నెహెమ్యా అయ్యగారు గడ్డం గీసుకుంటున్నారు. సగం గీసిన గడ్డంతోనే లేచి నిలబడి చదివారు.

"ప్రభువునందు ప్రియులైన కాపరులకు శుభములు. పైన ఉదహరించిన విషయమై తెలియజేయునదేమనగా, మన సంఘములలో అర్పింపబడుచున్న గుప్పెడు ఇంటింటికిని భిన్నముగాను, చేతిచేతికిని అసమానముగాను ఉన్నట్లు సినడు వారి దృష్టికి వచ్చినది. ఇది మిక్కిలి విచారకరము. కావున ఇందుమూలముగా ఆదర్శ గుప్పెడు ఒకటి నిర్ణయించి, దాని ఇత్తడి ప్రతిరూపమును ప్రతి సంఘమునకు పంపడమైనది. దీనికి తగ్గిన గుప్పెడు లోటు గుప్పెడుగా పరిగణింపబడును. మించిన గుప్పెడు, అతిశయము పాపము గనుక, అతిశయ గుప్పెడుగా పరిగణింపబడును. కోత పండుగ నాటికి ఆదర్శ గుప్పెడు సమర్పింపనివారు ప్రభువు బల్లకు అనర్హులు. దీనిని అమలుపరచని కాపరి పట్టా రద్దు చేయబడును. కృప మీకు తోడైయుండును గాక."

ప్రభువు బల్ల అంటే నెలకోసారి గుడిలో రొట్టె విరిచి, ద్రాక్షరసం పోసి, అందరూ పంచుకునే ఆరాధన. ఎంత పేదవాడైనా, ఎంత అప్పుల్లో ఉన్నా, ముందురోజు పొరుగింటి వాడితో జుట్టూ జుట్టూ పట్టుకున్నా, ఆ రోజు మాత్రం మొహం కడుక్కుని వచ్చి చెయ్యి చాపుతాడు. దానికి అనర్హులంటే ఊళ్ళో సగం చచ్చినట్టే.

"చివర్లో కృప ఎందుకు రాశారో," అన్నారు సలోమి అమ్మగారు, సర్క్యులర్ అందుకుని వంటింటి అర కొలత చూసుకుంటూ.

ఇత్తడి చెయ్యి మర్నాడు బస్సులో వచ్చింది. ఎర్ర ముఖమల్ గుడ్డలో చుట్టారు. విప్పి చూస్తే, అయిదు వేళ్ళూ కొద్దిగా ముడిచి దొన్నెలా పట్టిన చెయ్యి. లోపల గుల్ల. ఎవరి గుప్పెడు వాళ్ళు అందులో పోయాలి. అంచుదాకా సరిగ్గా నిండితే ఆదర్శం. అయ్యగారు దాన్ని ప్రసంగ వేదిక పక్కన బల్ల మీద పెట్టారు. ఆదివారం ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు.

"ఎవరి సెయ్యండీ ఇది?" అంది చేపలమ్మే సువార్తమ్మ.

"మన అధ్యక్షులవారిదమ్మా."

"అమ్మో, ఇంత సెయ్యే! పాపం, ఆయనకి సొక్కా సేతులు ఎవరు కుడతారో!"

పరీక్ష మొదలైంది. గుడిలో పాటలెత్తుకునే కరుణ గుప్పెడు ఇత్తడి చేతిలో అడుగున కనబడీ కనబడనట్టు ఉండిపోయింది. లోటు. బడి పంతులమ్మ గుప్పెడు సగానికి వచ్చింది. లోటు. ఒక్కొక్కళ్ళే వస్తున్నారు, పోస్తున్నారు, లోటు అనిపించుకుని పక్కకి నిలబడుతున్నారు. సువార్తమ్మ చెయ్యి మాత్రం వలలు లాగి, గంపలు ఎత్తి, మనిషికి మించి ఎదిగిన చెయ్యి. ఆమె పోసిన బియ్యం అంచు దాటి నాలుగు గింజలు కిందపడ్డాయి. అయ్యగారు సర్క్యులర్ చూసి, గొంతు సవరించుకుని, "అతిశయం," అన్నారు.

"నాకా? సేపలమ్ముకునేదాన్ని, అతిశయం నాకెక్కడిదండీ?" అంటూ సువార్తమ్మ ఏడుపు లంకించుకుంది.

చివర సలోమి అమ్మగారి వంతు వచ్చింది. అదీ లోటే. ఆవిడ చెయ్యి దులుపుకుని, "ఇన్నాళ్ళూ ఈ చేత్తోనే మీకు అన్నం పెట్టాను. ఏనాడైనా లోటు కనబడిందా?" అన్నారు. సమాధానం సర్క్యులర్‌లో లేకపోవడంతో అయ్యగారు ఆశీర్వాదం చెప్పి గుడి ముగించేశారు.

సాయంత్రం ధైర్యం చేసి డైరెక్టరుగారికి ఫోన్ చేశారు.

"అయ్యా, లోటు ఉన్నవాళ్ళు ఇంకో గుప్పెడు కలిపితే సరిపోతుందాండీ?"

"రెండుసార్లు వేస్తే రెండు గుప్పెళ్ళవుతాయి కాపరిగారూ. ఒక గుప్పెడు ఎలా అవుతుంది?" కృపాకర్ గారి గొంతులో ఓర్పు ఉంది. "మనం సూత్రంలో స్థిరంగా ఉండాలి."

"పోనీ, నేరుగా ఆ ఇత్తడి చేత్తోనే ముంచి పోస్తే?"

"అప్పుడది కొలత అవుతుంది. గుప్పెడు విశ్వాసికి సంబంధించినది. కొలత సినడుకి సంబంధించినది. ఒకరి పరిధిలోకి ఒకరు రాకూడదు." ఆ పైన ఆయన, "మీ సంఘంలో చేతులు చిన్నవి. అది మీ పరిచర్యలో లోపం. వికాస శిబిరం పెట్టండి," అని ఫోన్ పెట్టేశారు.

అలా కొమ్మరేవులో గుప్పిట వికాస శిబిరం జరిగింది. సినడు పంపిన శిక్షకుడు ఆడవాళ్ళందరినీ అరుగు మీద వరసగా కూర్చోబెట్టి, చేతుల్లో కొబ్బరి చిప్పలు పెట్టి, పిసకండి, వదలండి, పిసకండి, వదలండి అంటూ అటూ ఇటూ తిరిగాడు. పొద్దున్నే లేచి పేడ కళ్ళాపి చల్లి, గేదె పాలు పితికి, వరి కోతకి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళకి చేతికి వ్యాయామం లేదని అతను చాలా బాధపడ్డాడు. నాలుగు వారాలైనా ఎవరి చెయ్యీ పెరగలేదు. మధ్యలో కరుణకి ఒక ఉపాయం తట్టి, చెయ్యి తడుపుకుని బియ్యం తీసింది. తడిచేతికి గింజలు అంటుకుని గుప్పెడు కాస్త పెద్దదైంది. మర్నాటికి ఊరంతా తడిచేతులే. వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. తడిచేతి గుప్పెడు మోసపూరితమని, ఇకమీదట చేతులు తుడిచి అర్పించాలని, తువ్వాలు కాపరి సమకూర్చాలని.

కోత పండుగ దగ్గరకొచ్చేసింది. అయ్యగారికి నిద్ర కరువైంది. ఆఖరికి కృపాకర్ గారే దారి చూపించారు. ప్రతినిధి గుప్పెడు. సరైన చెయ్యి గల వ్యక్తి ఎవరైనా ఇంటింటికీ వెళ్ళి, ఆ ఇంటి తరఫున, ఆ ఇంటి బియ్యంలోంచే గుప్పెడు తీస్తే చెల్లుతుంది. అయ్యగారు ఇత్తడి చెయ్యి సంచిలో వేసుకుని, సరైన చెయ్యి కోసం ఊరంతా గాలించారు. అది రేవు దగ్గర టీ కొట్లో దొరికింది.

బుల్లబ్బాయి పేరుకే బుల్లబ్బాయి. మనిషి నిలబడితే టీ కొట్టు తాటాకు చూరు తలకి తగులుతుంది. పడవల్లోకి ఇసక ఎత్తీ ఎత్తీ చేతులు పారలయ్యాయి. పుట్టినప్పటినుంచీ పార్టీ మనిషి. గుడికేసి చూడడు, ఏ గుడికేసీ చూడడు. అయ్యగారు బతిమాలితే సరదాకి ఓ గుప్పెడు తీసి ఇత్తడి చేతిలో పోశాడు. అంచుకి సరిగ్గా, ఒక్క గింజ ఎక్కువా లేదు, తక్కువా లేదు. అయ్యగారి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

"నాకు దేవుడి మీద నమ్మకం లేదండి, ఆయ్," అన్నాడు బుల్లబ్బాయి. "కానీ కష్టం చేసేవాడి సెయ్యే అసలైన సెయ్యని మీ సినడువోళ్ళు ఒప్పుకున్నారు సూడండి, అది మాత్రం నాకు నచ్చిందండి. వస్తాను. టీ మటుకు మీరే ఇప్పించాలి."

ఆనాటినుంచీ కొమ్మరేవు క్రైస్తవుల ఇళ్ళల్లో పొయ్యి వెలగాలంటే బుల్లబ్బాయి రావాలి. ఎసర్లు మరిగి మరిగి ఇంకిపోతుంటే ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి వీధికేసి చూసేవాళ్ళు. వచ్చినవాడు ఊరికే గుప్పెడు తీసి పోతాడా? ప్రతి వంటింట్లోనూ పీట వాల్చుకుని, ఈ బియ్యం పండించింది ఎవరు, తింటున్నది ఎవరు అన్న సంగతి మీద నాలుగు ముక్కలు మాట్లాడి, టీ తాగి, అప్పుడు చెయ్యి పెట్టేవాడు. పాటల కరుణ ఓసారి విసుగొచ్చి, "అన్నయ్యా, మా అయ్యగారి ప్రసంగమే నయం, వారానికోసారి," అంది.

అయినా లోటు తీరింది, అతిశయం అణిగింది. సంఘం మొత్తం ఆదర్శమైంది. ఒక్క దీనమ్మ తప్ప.

దీనమ్మ చెరువుగట్టు మీద ఒంటరిగా ఉండే పెద్దావిడ. పెళ్ళయిన కొత్తలో చెరుకు గానుగలో పడి కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. బొటనవేలూ చూపుడువేలూ మిగిలాయి. ఆ రెండింటితోనే ఇంతకాలం దేవుడి బియ్యం వేస్తోంది. చిటికెడు వేసి, మళ్ళీ చిటికెడు వేసి, ఇది గుప్పెడైంది అని తనకి అనిపించేదాకా వేస్తూనే ఉంటుంది. ఆవిడ సంచి ఎప్పుడూ చిన్నదేమీ కాదు.

ప్రతినిధి సర్క్యులర్ కింద ఒక వివరణ ఉంది. "సంపూర్ణ గుప్పిట కలిగియుండి, పరిమాణములో మాత్రమే లోటుగాని అతిశయముగాని గలవారికే ప్రతినిధి సదుపాయము వర్తించును. గుప్పిటయే లేనివారికి ప్రతినిధి ఉండజాలడు. లేనిదానికి ప్రాతినిధ్యము ఎట్లు?" అయ్యగారు దాన్ని నిలబడి చదివి, ఈసారి కూర్చుండిపోయారు.

మర్నాడు చెరువుగట్టుకి వెళ్ళారు. దీనమ్మ గోంగూర కట్ట మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, రెండు వేళ్ళతో ఆకు తుంపుతోంది.

"అయ్యగారొచ్చారే! కూకోండి. మజ్జిగిత్తానుండండి." గ్లాసు చేతికిచ్చి, ఆయన మొహంకేసి చూసింది. "ఏంటండీ ఆ మొహం? ఎవరన్నా పోయారా?"

"సినడు నుంచి..."

"సినడు పోయిందా?"

"కాదమ్మా, సినడు నుంచి ఆర్డరొచ్చింది," అని అయ్యగారు మెల్లిగా, అటు తిప్పి ఇటు తిప్పి, ఆఖరికి సంగతి చెప్పారు. దీనమ్మ గోంగూర తుంపడం ఆపలేదు.

"అయితే నా సేతికి గుప్పిట లేదంటారు."

"నేననలేదమ్మా. వాళ్ళు..."

"ఆ ఇత్తడి సేతికి అయిదు ఏళ్ళూ ఉన్నాయి గదా. దానికి పెడతారేంటి రొట్టె?"

అయ్యగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టేశారు.

"గానుగలో ఏళ్ళు పోయిన్నాడు మా ఆయన ఏడిసాడండీ, నేనేడవలేదు," అంది దీనమ్మ. "ఆ తరవాత బల్లకాడ సెయ్యి సాపితే రొట్టె జారి కింద పడిపోయింది. అప్పుడేడిసాను. అప్పటి అయ్యగారు వంగి ఇంకో ముక్క తీసి, నా రెండు ఏళ్ళ మధ్యన పెట్టి, జారకుండా తన సెయ్యి కింద పట్టుకున్నారు. అప్పటినించీ ఒక్క బల్ల మానలేదు నేను." కట్ట పక్కన పెట్టింది. "నన్ను రావద్దనాలంటే ఇంటికొచ్చి మజ్జిగ తాగుతా సెప్పమాకండి అయ్యగారూ. నేనొస్తాను. బల్లకాడ, అందరి ముందరా సెప్పండి. అప్పుడెల్లిపోతాను."

నెహెమ్యా అయ్యగారికి సిగ్గేసింది. మనిషి ఎదట కూర్చోలేనంత సిగ్గు. మజ్జిగ తాగకుండానే లేచి వచ్చేశారు. ఇంటికొచ్చి సలోమి అమ్మగారికి చెప్పి, "పట్టా తీసేస్తారు సలోమీ. ఈ వయసులో ఎక్కడికి పోతాం?" అన్నారు.

"అన్నం సంగతి నేను చూసుకుంటాను. బల్ల దగ్గర రొట్టె పట్టుకునేది మీ చెయ్యి. నేనేం చెప్పను?" అన్నారు ఆవిడ. చేట ముందేసుకుని బియ్యం ఏరుకోవడం మొదలుపెట్టారు. అయ్యగారికి అదే ఎక్కువ కష్టంగా ఉంది.

కోత పండుగ రోజు గుడి కళకళలాడిపోయింది. వేదిక చుట్టూ గుమ్మడికాయలు, అరటి గెలలు, వరికంకుల కుచ్చులు, కాళ్ళు కట్టేసిన కోడిపుంజులు. ఆరాధన అయ్యాక వాటికి వేలంపాట ఉంటుంది. అధ్యక్షులు విద్యానందం గారు, డైరెక్టరు కృపాకర్ గారు కారు దిగారు. గుప్పిటే లేని దీనమ్మ లెక్కలోకి రాదు కాబట్టి, ఒక్క లోటు కూడా లేని మొదటి సంఘంగా కొమ్మరేవుని ప్రకటించడానికి కృపాకర్ గారు జ్ఞాపిక కూడా పట్టుకొచ్చారు. వెనక బెంచీలో, తెల్ల చీర కట్టుకుని, దీనమ్మ ముందుగానే వచ్చి కూర్చుంది.

బల్లకి ముందు సన్మానం. "ఈ సంఘ ఘనవిజయానికి కారకులైన ప్రతినిధి సహోదరుడు బుల్లబ్బాయి గారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాం," అన్నారు కృపాకర్ గారు. భోజనాలకని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ బుల్లబ్బాయి ఎర్ర తువ్వాలు భుజాన సర్దుకుని వచ్చాడు. శాలువా కప్పారు.

"సహోదరుడు బాప్తిస్మం పొందినది ఎప్పుడు?" అని మైకులో అడిగారు కృపాకర్ గారు, ప్రేమగా.

"బాప్తిస్మమాండీ? నేను కమ్యూనిస్టునండి, ఆయ్."

మైకు కుయ్యిమంది. కృపాకర్ గారు అధ్యక్షుల చెవిలో ఏదో చెప్పారు. అధ్యక్షులు ఆయన చెవిలో ఏదో చెప్పారు. "ఇప్పుడే, ఇక్కడే పొందవచ్చు. గోదావరి దగ్గరే ఉంది," అన్నారు కృపాకర్ గారు.

"పార్టీని అడగాలండి."

మళ్ళీ చెవులు కలిశాయి. కృపాకర్ గారు నుదురు తుడుచుకుని, తేలిన విషయం ప్రకటించారు. "బాప్తిస్మం పొందని హస్తముతో తీయబడిన గుప్పెళ్ళు ఆదినుండియు చెల్లవు. ఈ సంఘ సభ్యులందరూ యథాతథముగా లోటులోనికి మరలుదురు."

"అంటే ఇన్ని పూటలు నన్ను వాడుకుని వదిలేస్తారా? ఇది అన్యాయమండీ," అన్నాడు బుల్లబ్బాయి. శాలువా మాత్రం తియ్యలేదు.

బల్ల మీద తెల్లగుడ్డ కింద రొట్టె ఉంది. గిన్నెలో ద్రాక్షరసం ఉంది. తినడానికి అర్హత గలవాళ్ళు గుడి మొత్తంలో లేరు. నెహెమ్యా అయ్యగారు చిన్న గొంతుతో, "అయ్యా, మరి బల్ల ఎవరికి ఇవ్వమంటారు?" అని అడిగారు.

అధ్యక్షులు విద్యానందం గారు లేచారు. మంచి మనిషే ఆయన. అంతమంది దిగులు మొహాలు చూసి తట్టుకోలేకపోయారు. "నేనున్నాను కదా. మొదట నేను అర్పించి మాదిరి చూపిస్తాను. ఆదర్శం ఎంత సులభమో మీరే చూడండి," అంటూ గంపలో చెయ్యి పెట్టి, నిండుగా గుప్పెడు తీసి, ఇత్తడి చేతిలో పోశారు.

సగం కన్నా కాస్త పైకొచ్చి ఆగిపోయింది.

వేదిక దగ్గర కోడిపుంజు ఒకటి కూసింది. అధ్యక్షులు బియ్యం వెనక్కి పోసి, చొక్కా చెయ్యి మడిచి, వేళ్ళు బాగా చాపి, మళ్ళీ తీశారు. మళ్ళీ అంతే.

"కృపాకర్, ఇది నా చెయ్యేనా?"

"మీదే సార్," అన్నారు కృపాకర్ గారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "కాకపోతే... మామూలు సైజులో పోత పోయిస్తే తమరి హోదాకి బాగుండదని... కొంచెం గౌరవం కలిపించాం సార్."

"ఎంత కలిపించారు?"

"ధారాళంగానే సార్."

అధ్యక్షులు తన చేతికేసి, ఇత్తడి చేతికేసి మార్చి మార్చి చూసుకున్నారు. ఆయన సంతకంతో వెళ్ళిన సర్క్యులర్ ప్రకారం ఆయన కూడా లోటే. చెప్పులు విడిచిన చోటుదాకా నడిచి వెళ్ళి, ఏమనుకున్నారో, వెనక బెంచీలో దీనమ్మ పక్కన ఖాళీ ఉంటే కూలబడ్డారు.

దీనమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. లేచి, చేతికర్ర ఆనించుకుంటూ గుడి మధ్యనుంచి నడిచి బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"అయ్యగారూ, అందరం లోటువోళ్ళమే గదా. ఇంక ముందెవరు, ఎనకెవరు? ఎక్కడోకాడ మొదలెట్టాలి గదా. నాకు కాళ్ళు లాగేత్తన్నాయి. నాకెట్టండి ముందర. వద్దంటారా, ఆ మాట అనండి."

గుడి అంతా అయ్యగారికేసి చూసింది. సలోమి అమ్మగారు మాత్రం తల వంచుకుని ఉన్నారు. అయ్యగారికి పట్టా కళ్ళముందు కనబడింది, బదిలీ కనబడింది, ఆవకాయ జాడీలన్నీ బండి మీద పెట్టుకుని వెళ్ళే దృశ్యం కనబడింది. ఆయన తెల్లగుడ్డ తీసి, రొట్టె విరిచారు.

"కాపరిగారూ! ఇది సర్క్యులర్‌కు విరుద్ధం!" అన్నారు కృపాకర్ గారు.

"అవునండి," అన్నారు నెహెమ్యా అయ్యగారు.

అన్నాక ఆయనకే ఆశ్చర్యం వేసింది. అంత చిన్న మాట ఇన్నేళ్ళూ నోట్లోంచి ఎందుకు రాలేదో తెలియలేదు. దీనమ్మ రెండు వేళ్ళూ చాపింది. అయ్యగారు వాటి మధ్య ముక్క పెట్టి, జారకుండా తన చెయ్యి కింద పట్టుకున్నారు. ఆవిడ తింది.

ఆ తరవాత లేచింది అధ్యక్షులు. ఏ మాటా అనకుండా వచ్చి చెయ్యి చాపారు. సువార్తమ్మ వచ్చింది, కరుణ వచ్చింది, బడి పంతులమ్మ వచ్చింది. వరస గుమ్మందాకా పోయింది. బుల్లబ్బాయి గుమ్మం ఓరగా జరిగి అందరికీ దారిచ్చి, "నాకొద్దులెండి, భోజనాలప్పుడు పిలవండి," అన్నాడు. సలోమి అమ్మగారి వంతు వచ్చింది. ఆవిడ ఆయన మొహంలోకి చూసి, చాలా రోజుల తరవాత నవ్వారు.

అందరూ అయిపోయారు. కృపాకర్ గారు ఒక్కరే వేదిక మూల నిలబడి ఉన్నారు, సర్క్యులర్ల ఫైలు గుండెకి ఆనించుకుని. పళ్ళెంలో ఇంకో ముక్క ఉంది. అయ్యగారు పళ్ళెం పట్టుకుని ఆయన దగ్గరికే వెళ్ళారు.

"నా చెయ్యి ఇంకా పరీక్షించలేదు," అన్నారు కృపాకర్ గారు నెమ్మదిగా. "నాకిది... ఏ రూలు కింద ఇస్తున్నారు?"

"చెయ్యి పట్టండి," అన్నారు అయ్యగారు.

ఆయన ఫైలు కింద పెట్టి, చెయ్యి చాపారు. ఆ చెయ్యి ఎంతుందో ఎవరూ చూడలేదు.